లారీ ఇంజను బేరింగులు కొనే ముందు

మొదటిసారి లారీ ఇంజను విప్పి కట్టేవారికి, సైజు కుదరని బేరింగులు మార్చుకోవడానికి శ్రీకాకుళం నుంచి విశాఖ ఆటోనగర్‌కు మళ్లీ వెళ్లవలసి రావడం పెద్ద విసుగు. పాత బేరింగు చిప్పను కిరోసిన్‌తో కడిగి వీపు వైపు చూస్తే ఎస్‌టీడీ (స్టాండర్డ్, అంటే గ్రైండింగు కాని అసలు సైజు), 0.25, 0.50 వంటి ముద్ర ఉంటుంది. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇంజను ఇరుసు) ఇంతకుముందు ఎన్ని మిల్లీమీటర్లు గ్రైండింగు అయ్యిందో, అంటే అరగదీశారో, దాన్నిబట్టి తెలుస్తుంది. 010, 020 అని ఉంటే అది అంగుళంలో వెయ్యో వంతుల లెక్క, అంటే సుమారు 0.25, 0.50 మిల్లీమీటర్లే. జర్నళ్లను (క్రాంకుపై బేరింగులు కూర్చునే గుండ్రటి భాగాలను) మైక్రోమీటరుతో కొలిపించి, ఆ కొలత ముద్రతో సరిపోయినప్పుడే, పాత చిప్పను, ఇంజను నంబరును దుకాణంలో చూపించి అదే సైజు తీసుకోవాలి. జర్నల్‌పై గోటికి తగిలే గీతలుంటే మాత్రం పాత ముద్రను నమ్మవద్దు. మళ్లీ గ్రైండింగు పూర్తయ్యాక వచ్చిన కొలతకే బేరింగులు కొనాలి.