రాత్రి పదిహేను నిమిషాల ఆత్మశోధన, మర్నాటికి ఒక పని

కతోలిక గుడిలో పూజ చివర గురువు (ఫాదర్) మనల్ని పంపేస్తారు. లాటిన్‌లో ఆ మాట 'ఈతే, మిస్సా ఎస్త్', అంటే 'వెళ్ళండి, పంపివేత అయింది'. పూజకు 'మిస్సా' అన్న పేరు అందులోంచే వచ్చింది. ప్రేషిత కార్యం, అంటే క్రీస్తు పంపగా వెళ్ళి చేసే సేవ, గుడి గడప దాటాక మొదలవుతుందని అందరికీ తెలుసు. సోమవారం పొద్దున్న ఏం చెయ్యాలో తెలియకే చాలామంది ఆగిపోతారు. రోజూ రాత్రి ఆత్మశోధన చేసుకుంటే, అంటే గడిచిన రోజును ప్రభువు ముందు తిరిగి చూసుకుంటే, ఆ జవాబు దొరుకుతుంది.

పునీత ఇగ్నేషియస్ లొయోలా (1491–1556) నేర్పిన పద్ధతిలో అయిదు మెట్లున్నాయి. పది, పదిహేను నిమిషాలు చాలు. పడుకుని చేస్తే రెండో మెట్టుకే నిద్ర పట్టేస్తుంది. ఫోను వేరే గదిలో పెట్టి, కుర్చీలో కూర్చుని, సిలువ గుర్తు వేసుకోండి.

మొదట కృతజ్ఞత. 'అన్నిటికీ వందనాలు ప్రభువా' అని తేల్చెయ్యకుండా, ఆ రోజు అందిన మేళ్ళలో మూడింటిని విడివిడిగా చెప్పండి. తర్వాత పవిత్రాత్మను వెలుగు అడగండి. ఒక్క వాక్యమే అయినా వదలొద్దు, లేకపోతే మన లెక్కలు మనమే సరిచూసుకున్నట్టవుతుంది.

మూడో మెట్టుకి సగం సమయం ఇవ్వాలి. లేచినప్పటి నుంచి రోజంతా వరసగా నడిచి రండి. అమ్మ ఒకే మాట మూడోసారి అడిగితే, ఫోను మీంచి తల ఎత్తకుండా 'చెప్పాగా' అన్నారనుకోండి. అక్కడ ఆగండి. ఆ మాట నోట్లోంచి రాకముందు లోపల ఉన్నదేమిటి? అలసటా, విసుగా, ఆవిడ కన్నా నా పనే ముఖ్యమన్న భావమా? తప్పులు మాత్రమే ఏరుకోకండి, ప్రభువు పిలిస్తే మీరు పలికిన చోటు కూడా చూడండి. తప్పులు మాత్రమే ఏరేవాళ్ళు నెల తిరక్కుండా మానేస్తారు.

నాలుగోది క్షమాపణ. చావైన పాపం (తెలిసి, ఇష్టపడి చేసిన ఘోర పాపం) ఉంటే ఈ ప్రార్థనతో సరిపెట్టుకోకుండా పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్ళాలి, ఆ తర్వాతే సత్ప్రసాదం (పూజలో అందుకునే పవిత్ర అప్పం). ఒప్పుకున్న పాపమే మళ్ళీ మళ్ళీ తొలిచేస్తుంటే ఒకే గురువు దగ్గరికి వెళ్తూ ఆయన చెప్పినట్టు నడుచుకోండి. చోట్లు మారిస్తే బెంగ పెరుగుతుంది.

అయిదోది రేపటి తీర్మానం. 'ఇక ఓపికగా ఉంటాను' అన్నది నిలబడదు, అందులో మనిషీ లేదు, వేళా లేదు. 'రేపు ఇంటికి రాగానే, ఫోను సంచిలోంచి తియ్యకుండా, అమ్మ దగ్గర పది నిమిషాలు కూర్చుంటాను' అన్నది నిలుస్తుంది. పరలోక జపంతో ('పరలోకమందున్న మా తండ్రీ' అనే ప్రార్థనతో) ముగించండి.

ఇది ప్రేషిత కార్యమేనా అని అనుమానం వస్తే ఫ్రాన్సు సన్యాసిని చిన్న తెరేజమ్మను తలుచుకోండి. పదిహేనో ఏట కార్మెల్ మఠంలో చేరి, 24 ఏళ్ళకే 1897లో అక్కడే కన్నుమూశారు. ప్రేషిత దేశాల్లో ఎన్నడూ అడుగుపెట్టని ఆమెను 1927లో శ్రీసభ (కతోలిక సంఘం) ప్రేషితోద్యమ పాలక పునీతురాలిగా ప్రకటించింది.

వారానికొకసారి తీర్మానాన్ని కరుణా కార్యాల్లోంచి, అంటే అవసరంలో ఉన్నవాళ్ళకు చేసే మేళ్ళలోంచి, ఎంచుకోండి. శరీరానికి సంబంధించినవి ఏడు, ఆత్మకు సంబంధించినవి ఏడు. రోగిని చూడబోతే ముందు ఫోన్ చెయ్యండి, ఇరవై నిమిషాలు మించొద్దు, వైద్య సలహాలొద్దు. 'ప్రార్థన చేద్దామా?' అని అడిగి, సరేనంటే ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం (మరియమాతకు చేసే ప్రార్థన) చాలు. సత్ప్రసాదం కావాలంటే విచారణ (పారిష్) గురువుకు ఆ రోజే చెప్పండి.

పనిచేసే చోట అడగనివాళ్ళకు బోధించబోతే తలుపులు మూసుకుంటాయి. మీ నిరీక్షణకు కారణం అడిగినవాళ్ళకు మృదువుగా, గౌరవంగా జవాబివ్వమన్నారు పేతురు గారు తన మొదటి లేఖ మూడో అధ్యాయంలో. అడిగేదాకా మీ పని నిజాయితీగా చెయ్యండి, అక్కడ లేనివాళ్ళ గురించి చెడు మాట్లాడకండి.

మధ్యలో మూడు రాత్రులు తప్పితే బకాయి తీర్చబోకండి, ఆ రాత్రితోనే మొదలుపెట్టండి. పొద్దున్న లేవగానే, ఫోను ముట్టకముందు, రాత్రి చేసిన తీర్మానాన్ని ఒకసారి పైకి చెప్పి ప్రభువుకు అప్పగించండి. అర నిమిషం పని. అది మానేస్తే తీర్మానం మధ్యాహ్నానికే మరుపున పడుతుంది.