ఎన్‌క్లెక్స్ ప్రాక్టీస్ టెస్టులో స్కోరు పడిపోయిందా? ముందు తప్పుల్ని విడదీయండి

"అక్కా, 46 శాతమే వచ్చింది, పరీక్ష డేట్ మార్చేయనా?" అని నైట్ డ్యూటీ మధ్యలో మెసేజ్ పెట్టే చెల్లెళ్లకు నేను చెప్పేది ఒకటే: ఆ అంకె చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. అమెరికాలో నర్సుగా పనిచేయడానికి రాసే లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్‌లో పాస్ మార్కు శాతంలో ఉండదు. సరైన జవాబు పెట్టేకొద్దీ కంప్యూటర్ ఇంకాస్త కష్టమైన ప్రశ్న ఇస్తుంది. అందుకే బాగా చదివినవాళ్లకు కూడా ఎన్నో ప్రశ్నలు తప్పుతాయి.

కొన్నాళ్లు కొత్త ప్రశ్నలు ఆపేయండి. అదే టెస్టులో తప్పుపోయినవి తెరిచి, ఒక్కోదాని పక్కన కారణం రాయండి. విషయమే తెలియదా? ప్రశ్న సరిగా చదవలేదా? రెండు జవాబుల మధ్య ఊగి చివరికి తప్పుది పెట్టారా? మనవాళ్ల నోట్‌బుక్కుల్లో ఎక్కువగా కనిపించేది ఈ మూడోదే.

ఒక ప్రశ్న చూడండి. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న పెద్దాయన డైగాక్సిన్ (గుండె మందు), ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు) వాడుతున్నారు. వికారంగా ఉందని, లైట్ల చుట్టూ పసుపు వలయాలు కనిపిస్తున్నాయని అంటున్నారు. రక్తంలో పొటాషియం 2.9. ముందు ఏం చేస్తారు? చాలామంది వాంతుల మందు దగ్గర ఆగిపోతారు. చేయాల్సింది డైగాక్సిన్ ఇవ్వకుండా ఆపడం, ఎపికల్ పల్స్ (గుండె మీద స్టెతస్కోప్ పెట్టి లెక్కించే పల్స్) చూడటం, డాక్టరుకు చెప్పడం. ఫ్యూరోసెమైడ్ పొటాషియంను బయటికి పంపేస్తుంది, పొటాషియం తగ్గితే డైగాక్సిన్ విషంగా మారే ప్రమాదం పెరుగుతుంది. నోట్‌బుక్‌లో "డైగాక్సిన్ టాక్సిసిటీ చదవాలి" అని రాస్తే లాభం లేదు. "వికారం చూశాను, 2.9 చూడలేదు" అని రాయండి. దాని కిందే: మామూలు పొటాషియం 3.5 నుంచి 5.0, పెద్దవాళ్లలో పల్స్ 60 కంటే తక్కువుంటే డైగాక్సిన్ ఆపాలి, పొటాషియం ఎప్పుడూ ఐవీ పుష్ (సిరంజితో నేరుగా సిరలోకి ఇవ్వడం) చేయకూడదు. ఇలా రాసిన తప్పు మళ్లీ చేయరు.

మన చదువు వల్ల వచ్చే ఇబ్బందులు రెండున్నాయి, వాటికి విడిగా టైమ్ ఇవ్వాలి. ఒకటి మందుల పేర్లు. మన పారాసిటమాల్ అమెరికాలో ఎసిటమినోఫెన్, సాల్బుటమాల్ ఆల్బ్యుటరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, పెథిడిన్ మెపెరిడిన్. రెండోది డెలిగేషన్, అంటే పనులు వేరేవాళ్లకు అప్పగించడం, నిజంగా కష్టమైనది ఇదే. మన వార్డుల్లో సిస్టరే అన్నీ చూసుకుంటుంది, అన్నం తినిపించడానికి పేషెంటు తాలూకు మనుషులు ఉంటారు. అందుకే ఎవరికి ఏ పని అప్పగించాలన్న ప్రశ్న రాగానే "నేనే చేస్తాను" అనిపిస్తుంది. స్థిరంగా ఉన్న పేషెంటుకు స్నానం, భోజనం, వైటల్స్ (బీపీ, పల్స్ లాంటివి) చూడటం సహాయకురాలికి ఇవ్వొచ్చు. మొదటి అసెస్‌మెంట్, డిశ్చార్జ్ టీచింగ్, రక్తం ఎక్కించడం మొదలుపెట్టడం మాత్రం ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) పనే. రోజూ ఇలాంటివి కొన్ని చేస్తే అలవాటు మారుతుంది.

"వర్తించేవన్నీ ఎంచుకోండి" ప్రశ్నల్లో ఇప్పుడు పాక్షిక మార్కులున్నాయి. కానీ తప్పు టిక్కుకు ఒక మార్కు పోతుంది కాబట్టి ఒక్కో ఆప్షన్‌నూ విడిగా అవునా కాదా అని తేల్చి, నమ్మకం ఉన్నదే పెట్టండి.

రెండు మూడు వారాల తర్వాత మళ్లీ టెస్టు రాయండి. ఫోన్ పక్క గదిలో పెట్టి, 85 ప్రశ్నలు ఒకే కూర్చోడంలో, వెనక్కి వెళ్లకుండా. అసలు పరీక్షలోనూ వెనక్కి వెళ్లనివ్వరు. 85 నుంచి 150 వరకు ఎన్నైనా రావచ్చు, టైమ్ 5 గంటలు. 86వ ప్రశ్న వచ్చిందంటే ఫెయిలైనట్టు కాదు, టెన్షన్ పడకండి.

తేదీ సంగతి ఇప్పుడు ఆలోచించండి. ఊగి తప్పు పెట్టినవి బాగా తగ్గితే, శాతం కాస్తే పెరిగినా డేట్ ఉంచేయండి. ఫార్మా (మందుల సబ్జెక్టు) వంటి చోట్ల ఇంకా "తెలియదు" అనేవే నిండి ఉంటే మార్చుకోండి, కానీ ముందు ఏటీటీ (పరీక్ష రాయడానికి ఇచ్చే అనుమతి) గడువు చూడండి. అది దాటితే ఫీజు కట్టి మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి. ఫెయిలైతే మాత్రం కనీసం 45 రోజులు ఆగాలి, ఫీజు కూడా మళ్లీ కట్టాలి.