దుబాయ్ వెళ్లేముందే భార్యాపిల్లల కాగితాలు సిద్ధం చేసుకోండి

వర్క్ పర్మిట్ తెప్పించడం కంపెనీ పని. దాని ఖర్చు కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదని దుబాయ్ ఉన్న దేశమైన యూఏఈ చట్టమే చెబుతోంది. ఇంట్లోవాళ్లను తీసుకెళ్లే ఫ్యామిలీ వీసా మాత్రం మీ పని. అది ఆలస్యమైతే కారణం చాలాసార్లు ఇక్కడ, కావలిలోనో కందుకూరులోనో, వదిలేసి వెళ్లిన కాగితాలే.

ముందుగా పెళ్లి సర్టిఫికెట్. పెంచలకోనలో పెళ్లి చేసుకుని గుడి రశీదు, శుభలేఖ దాచుకుంటే సరిపోదు. పెళ్లి జరిగిన చోటుకు గానీ మీరు ఉంటున్న ఊరికి గానీ సంబంధించిన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. భార్యాభర్తలిద్దరూ, సాక్షులూ వెళ్లి సంతకాలు పెట్టాలి. అందుకే భర్త విమానం ఎక్కకముందే ఇది అయిపోవాలి. లేకపోతే ఒక్క సంతకం కోసం సెలవు పెట్టి రావాల్సి వస్తుంది.

రిజిస్టర్ చేయించేటప్పుడు ఇద్దరి పాస్‌పోర్టులూ పక్కన పెట్టుకోండి. మన దగ్గర అసలు చిక్కు పేర్లతోనే. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది. సుబ్బారెడ్డి ఒకదాంట్లో కలిసి, మరోదాంట్లో విడిపోయి ఉంటుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించండి. పెళ్లయింది కదా అని భార్య ఇంటిపేరు మార్చనక్కర్లేదు. పిల్లల బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగా ఉంటే, పుట్టుక నమోదైన మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ముందే ఎక్కించండి.

తర్వాత అటెస్టేషన్, అంటే ఈ సర్టిఫికెట్లు అసలైనవేనని ప్రభుత్వ ముద్రలు వేయించడం. చాలా దేశాలకు సరిపోయే అపోస్టిల్ అనే ఒకే ముద్ర యూఏఈకి చెల్లదు. రాష్ట్ర ప్రభుత్వం, ఆపైన విదేశాంగ శాఖ, ఆపైన యూఏఈ రాయబార కార్యాలయం, ఈ వరుసలోనే ముద్రలు పడాలి. అక్కడికి చేరాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర, అరబిక్ అనువాదం. సర్టిఫికెట్లకు లామినేషన్ మాత్రం దయచేసి చేయించకండి. ముద్ర వేయడానికి చోటుండదు, పీకితే కాగితం చిరుగుతుంది.

జీతం నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు కంపెనీ ఇచ్చిన వసతి ఉంటేనే కుటుంబాన్ని స్పాన్సర్ చేయగలరు, అంటే మీ పూచీ మీద వీసా తెప్పించగలరు. సంతకం పెట్టే ముందే ఆఫర్ లెటర్‌లో ఆ అంకె చూసుకోండి. ఏజెంటు నోటిమాట అక్కడి ఆఫీసులో పనికిరాదు. పెళ్లికాని కొడుకులను 25 ఏళ్ల వరకు స్పాన్సర్ చేయవచ్చు, పెళ్లికాని కూతుళ్లకు వయసు పరిమితి లేదు. ఇంట్లోవాళ్లు దిగాక 60 రోజుల్లోపు రెసిడెన్సీకి, అంటే అక్కడ నివసించే అనుమతికి, దరఖాస్తు పెట్టాలి. 18 దాటినవాళ్లకు వైద్య పరీక్ష ఉంటుంది.

పది పాసవని వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (వలసకు ప్రభుత్వ అనుమతి కావాలి) కింద ఉంటుంది. వాళ్లు ఉద్యోగానికి వెళ్లాలంటే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్ ద్వారా ఆ క్లియరెన్స్, ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్ల బీమాకు ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పర్మిట్ లేకుండా పనిచేస్తూ దొరికితే జరిమానా, డిపోర్టేషన్. జీతం ఎగ్గొట్టినా చూపించడానికి చేతిలో కాంట్రాక్టు ఉండదు.