సీరమ్ రాస్తున్నా మొహం నల్లబడుతోందా? తేడా ఎక్కడుందో చూద్దాం

ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి రోజూ బండి మీద వెళ్లొచ్చేవాళ్లు సాయంత్రం తడి దూదితో మొహం తుడుచుకుంటే దూది నల్లగా వస్తుంది. ఆ మురికి కడిగితే పోతుంది. గొడవంతా గాలిలో తేలే, కంటికి కనపడని పీఎం 2.5 అనే సన్నటి రేణువులతోనే. ఈ రేణువులు మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉంటాయేమో. పొగలోంచి వచ్చే వాటికి సరిగ్గా కాలని ఇంధనం తాలూకు రసాయనాలు అంటుకుని ఉంటాయి. అవి చర్మంలో ఫ్రీ రాడికల్స్‌ని, అంటే కణాల్ని దెబ్బతీసే చురుకైన అణువుల్ని పుట్టించి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్‌ని దెబ్బతీస్తాయి, మచ్చలు పెంచుతాయి. జర్మనీలో పెద్దవయసు ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. ట్రాఫిక్ మసి పెరిగిన చోట నుదుటి మీద, బుగ్గల మీద మచ్చలు 20 శాతం ఎక్కువ కనిపించాయట.

విటమిన్ సి, ఇ లాంటివి ఆ ఫ్రీ రాడికల్స్‌ని పట్టి అణిచేస్తాయి. అందుకే విటమిన్ సి సీరమ్ రాస్తారు. మరి రాస్తున్నా ఫలితం లేదంటే?

సీరమ్ గోధుమరంగుకి తిరిగింది, తువ్వాలుకి మరకలు

అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది ఇదే. అసలైన విటమిన్ సి, అంటే ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్, గాలికీ వెలుతురుకీ వేడికీ పాడైపోతుంది. నా సీసా బాత్రూంలో గీజర్ పక్కన ఉండేది. డబ్బు పోసి కొన్నది పారేయబుద్ధి కాక ఇంకో నెల లాగించాను. తెల్ల తువ్వాలు మీద టీ మరకలు మిగిలాయి, అంతే.

లేత గడ్డిరంగు అయితే కంగారు వద్దు, కొన్ని కొత్తప్పుడే అలా ఉంటాయి. ముదురు నారింజ, గోధుమ రంగైతే పారేయండి. ఈసారి ముదురు రంగు గాజుసీసాలో చిన్నది కొని ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు మూడు నెలల్లో వాడేయండి. ఫెరూలిక్ యాసిడ్ కలిపినదైతే నయం. మన వరి తవుడులో ఉండేదే అది. 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ ఉన్న ద్రావణంలో అర శాతం ఫెరూలిక్ కలిపితే ఎండ నుంచి రక్షణ దాదాపు రెట్టింపైందని 2005లో చూపించారు.

రాయగానే మంట

ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ చర్మంలోకి దిగాలంటే సీరమ్ పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.5 లోపు ఉండాలి. అంత పులుపు కాబట్టి కాస్త చురుక్కుమనడం మామూలే. ఎర్రబడి గంటలకొద్దీ మండితే మాత్రం ఆపండి. సున్నిపిండితో గట్టిగా రుద్దాకో, గడ్డం గీసుకున్నాకో రాస్తున్నారేమో చూసుకోండి. తగ్గాక 10 శాతం సీరమ్‌ని పొడి చర్మం మీద రోజు విడిచి రోజు నాలుగు చుక్కలు రాయండి. 20 శాతం దాటితే మంటే తప్ప అదనపు లాభం లేదు. అసలు పడకపోతే 5 శాతం నియాసినమైడ్‌ (విటమిన్ బి3 రకం) సీరమ్‌కి మారండి.

నిమ్మరసం కూడా విటమిన్ సీయే కదా అని మొహానికి రాసి ఎండలోకి వెళ్లకండి. బొబ్బలెక్కి, తర్వాత నల్లటి మచ్చలు మిగలొచ్చు. ఇక ఎవరో చెప్పారని మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన తెల్లబడే క్రీము కొని నెలల తరబడి రాసి ఉంటే, ఈ మంట సీరమ్‌ది కాకపోవచ్చు. చర్మ డాక్టరుకి చూపించండి.

పైన సన్‌స్క్రీన్ రాస్తే పొట్టులా రాలుతోంది

సీరమ్ ఆరలేదు, లేదా ఎక్కువైంది. చుక్కలు తగ్గించి, ఐదు నిమిషాలు ఆగండి.

మూడు నెలలైనా మంగు మచ్చలు తగ్గలేదు

సన్‌స్క్రీన్ లేకుండా సీరమ్ ఒక్కటే రాస్తున్నారా? అయితే కారణం అదే. ఎస్పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే స్థాయి) 30కి తగ్గనిది, రెండు వేళ్ల పొడవునా తీసుకుని మొహానికీ మెడకీ రాయాలి. మన చామనఛాయ చర్మాన్ని కంటికి కనిపించే వెలుతురు కూడా నల్లబరుస్తుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, కాస్త రంగున్న సన్‌స్క్రీన్ మేలు. రాత్రి ఇంటికి రాగానే నురగ తక్కువుండే ఫేస్‌వాష్‌తో ఒక్కసారి కడిగితే చాలు. నాలుగుసార్లు కడిగితే చర్మం పైపొర దెబ్బతిని పొగ ఇంకా తేలిగ్గా లోపలికి పోతుంది.

నలుపు మొహం మీద కాకుండా మెడ వెనక, చంకల్లో మందంగా, మఖమల్ గుడ్డలా ఉంటే అది పొగ పని కాదు, షుగర్ వ్యాధికి సూచన కావచ్చు. సీరమ్ డబ్బులతో ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి.