ఆకు లేకుండానే పూసిన భూచంపకం

మా మామిడిచెట్టు కింద ఎండ పడదు, గడ్డి కూడా సరిగా రాదు. అక్కడ భూచంపకం దుంపలు నాలుగు పెట్టాను. అల్లం, పసుపులకి చుట్టమే ఇది. వానాకాలమంతా ఆకులు బాగా వచ్చాయి: పైన వెండి మరకలు, తిప్పి చూస్తే ఊదారంగు. నవంబరులో పండిపోయి ఒరిగిపోయాయి. మొక్క చచ్చిపోతోందని కంగారుపడి రోజూ చెంబెడు నీళ్లు పోశాను. ఫిబ్రవరిలో తవ్వితే మూడు దుంపలు గుజ్జైపోయి ఉన్నాయి, ఒకటే కంపు.

తప్పు నాదే. చలికాలమంతా నేలలో నిద్రపోయే మొక్క ఇది. మిగిలిన దుంపకి మెత్తబడ్డ చోట కోసేసి, బూడిద అద్ది, రెండు రోజులు నీడన ఆరబెట్టాను. మాది బంకమట్టి, నీళ్లు నిలుస్తాయి. అందుకని జానెడు ఎత్తున మడి కట్టి, ముతక ఇసుక, చివికిన ఆకులు కలిపి, రెండంగుళాల లోతున పాతాను. ఆపైన చుక్క నీళ్లు పోస్తే ఒట్టు. అత్తయ్య అలవాటుగా పోసేస్తారని చుట్టూ ఇటుకలు కూడా పేర్చాను.

ఏప్రిల్లో ఒకరోజు పొద్దున్నే, ఒక్క ఆకైనా లేకుండా, నేలలోంచి నేరుగా పువ్వు! తెల్లని రేకులు, ఊదా పెదవి. సాయంత్రానికి వాడిపోయింది, మర్నాడు పక్కనే ఇంకోటి. నీళ్లు అప్పుడు మొదలుపెట్టాను.