‘హిదర్‌టు’ అనే మాటను సరిగా వాడడం ఎలా?

కర్నూలులో పోటీ పరీక్షల విద్యార్థుల ఆంగ్ల వ్యాసాలను ఏళ్లుగా దిద్దుతున్నాను. నా ఎర్రసిరాను అన్నిటికంటే ఎక్కువగా ఖర్చు చేయించిన క్రియావిశేషణం ‘హిదర్‌టు’.

దీనికి ఒక నిఘంటువు, ఒక నోటుపుస్తకం చాలు. ‘హిదర్’ అంటే ఇటు, ‘టు’ అంటే దాకా. కలిపితే ఇంతదాకా, ఇప్పటివరకు. ఉర్దూ వినబడని వీధి మన ఊళ్లో లేదు కనుక, ‘ఇధర్’ను తలచుకుంటే అర్థం మరువరు. పలికేటప్పుడు చివరి ‘టు’ను ఒత్తాలి. ‘ఇకమీదట’ అని చెప్పే ‘హెన్స్‌ఫోర్త్’ దీనికి సరిగ్గా ఎదురుమాట.

చిక్కంతా తరువాతి అడుగులోనే ఉంది. తెలుగులో ‘ఇంతవరకు’ వచ్చిన ప్రతిచోటా హిదర్‌టు పెట్టకూడదు. ‘పాసుపుస్తకం ఇంతవరకు రాలేదు’ అనే మాటను అర్జీలో హిదర్‌టుతో రాసేవారు ఎందరో ఉన్నారు; అక్కడ కావలసింది ‘యెట్’ మాత్రమే. ఒక స్థితి అంతవరకు సాగి, ఇప్పుడు మారింది అని చెప్పేచోటనే హిదర్‌టు చక్కగా ఒదుగుతుంది. 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందని అందరూ భావించిన కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. ‘అంతరించిందని అంతవరకు భావించిన పక్షి’ అనడానికి ఈ మాట సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే ఆ భావన ఆ ఏటితో చెల్లిపోయింది. పాసుపుస్తకం విషయంలో మారినదేమీ లేదు.

పై ఉదాహరణలో ‘ఇంతవరకు’ కాక ‘అంతవరకు’ అన్నానని గమనించండి. గతాన్ని చెప్పే వాక్యంలో హిదర్‌టుకు ఆ అర్థమే వస్తుంది. అంతవరకు జిల్లా కేంద్రంగా మాత్రమే ఉన్న కర్నూలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిందని రాసేటప్పుడు కూడా హిదర్‌టు చెల్లుతుంది. ‘అప్పటిదాకా’ అనడానికే ‘థిదర్‌టు’ అనే మరో మాట ఉన్నా, నేడు దానిని వాడేవారు బహు తక్కువ కనుక జోలికి పోవద్దు.

సమానార్థకాల పట్టికలను బట్టీపట్టించే పద్ధతి ఈ తేడాను ఎన్నటికీ పట్టివ్వదు, ఎందుకంటే ఆ పట్టికలో ‘సో ఫార్’, ‘హిదర్‌టు’ పక్కపక్కనే సమానంగా కూర్చుని ఉంటాయి. తెలుగు వాక్యంతో సరిచూసుకునే నా పద్ధతిలో మాత్రం తప్పు వెంటనే బయటపడుతుంది.

స్థానం సంగతి సులువు: ‘హిదర్‌టు అన్‌నోన్’ అన్నట్లు విశేషణానికి ముందు నిలపాలి. వాక్యాన్ని దీనితో మొదలుపెట్టకూడదు, ఒక పుటలో రెండుసార్లు వాడకూడదు. రాశాక వాక్యం చివర ‘ఇప్పుడు అలా లేదు’ అని చేర్చి చదవండి. అర్థం కుదరకపోతే ఆ మాటను కొట్టివేసి ‘సో ఫార్’ లేదా ‘యెట్’ రాయండి.