క్యాంపర్ కిటికీలకు ఇంట్లోనే కుట్టుకునే దోమతెరలు

అమెరికాలో పికప్ ట్రక్కు మీద క్యాంపర్ (పడుకోవడానికి వీలుగా ఉండే చిన్న గది) బిగించుకుని తిరిగే మనవాళ్లు రాత్రిపూట కిటికీలు తెరిచి హాయిగా నిద్రపోవాలంటే, ఫైబర్‌గ్లాస్ దోమవలను చట్రం కన్నా అన్ని వైపులా 2 అంగుళాలు ఎక్కువగా కత్తిరించి, అంచులకు నూలు పట్టీ మడిచి కుట్టి, వెల్క్రోతో లోపలి గోడకు అంటించుకోవడం మేలు. చెక్క, ఫైబర్‌గ్లాస్ గోడలకు అయస్కాంతాలు పట్టవు కాబట్టి వెల్క్రోనే వాడాలి. అంటించే చోటును ముందుగా స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. మూలల్లో వెల్క్రో పట్టీ ముక్కల మధ్య సందు అసలు ఉండకూడదు, ఎందుకంటే దోమ దూరేది అక్కడే.

అంగుళానికి ఒకవైపు 18, మరోవైపు 16 పోగులుండే మామూలు వలలోంచి తీరప్రాంతాల్లో కుట్టే నుసుములు దూరిపోగలవు. అక్కడ 20×20 వల వాడాలి గానీ, దానిలోంచి గాలి కొంత తక్కువగా వస్తుంది. అందుకే కింది కిటికీతో పాటు పైకప్పు కిటికీకి కూడా వల బిగిస్తే, వేడిగాలి పైనుంచి పోతూ చల్లగాలిని కిందినుంచి లోపలికి లాగుతుంది.